గ్రీసు ముసలాయన మైల

మా తార తొమ్మిదో తరగతికి వచ్చిన ఏడాది జహీరాబాద్ బడిలో హ్యుమానిటీస్ అనే సబ్జెక్టు కొత్తగా పెట్టారు. ఏయే దేశాల మనుషులు ఎట్లా బతికారు, ఏం ఆలోచించారు అని చెప్పే చదువట. మా ఆయన నర్సింలుకు అది గిట్టలేదు. అల్లం చేనే లోకంగా పెరిగిన మనిషి ఆయన.

"గా దేశాల ముచ్చట్లు మనకెందుకే? దసరా దాకా చూస్త, తర్వాత బడి మాన్పిస్త," అన్నాడు. కోహీర్ నుంచి సంబంధం కూడా అడుగుతున్నారు మరి. తార ఆ పూట అన్నం ముట్టలేదు.

పొద్దుగూకే వేళ నేను జొన్న రొట్టెలు కొడుతుంటే, తార పక్కన కూర్చొని పాఠం పైకి చదివేది. మా అత్తమ్మ నాగవ్వ మొదట చెవి పెట్టలేదు. గ్రీసు దేశపు ముసలాయన పాఠంలోకి వచ్చాక మాత్రం అక్కడి నుంచి కదిలేది కాదు. చెప్పులు లేకుండా బజారంతా తిరుగుతూ, పెద్దపెద్దవాళ్లను ప్రశ్నలడిగి తికమక పెట్టేవాడట ఆయన.

"మన ఊళ్ల పని లేక తిరిగే గుండయ్య లెక్కనే ఉన్నడు. ఇంట్ల పెండ్లాం తిట్టదా?" అనేది.

"తిడ్తదట నాయినమ్మా."

"తిట్టదా మరి! సంపాదన లేదాయె."

రోజూ తార బడి నుంచి రాగానే "ముసలాయన ఎట్లున్నడు బిడ్డా?" అని అడిగేది, పక్కింటి మనిషిని అడిగినట్టు.

ఒకనాడు ఆ పాఠం చివరికొచ్చింది. పంచాయితీ పెట్టి ఆయన్ను తప్పుపట్టారు. విషం గిన్నె చేతికిచ్చారు. శిష్యులు ఏడుస్తుంటే, ఆయనే ఓదార్చి తాగేశాడు.

అత్తమ్మ లేచి పెరట్లోకి పోయింది. కట్టుకున్న చీర మీదనే కడవెడు నీళ్లు నెత్తిన పోసుకుంది. నీళ్లు కారుతూ లోపలికొచ్చి, చెంబెడు నీళ్లు నా పొయ్యిలో గుమ్మరించింది. పెనం మీద రొట్టె పచ్చిగానే ఉండిపోయింది.

"అయ్యో, గిదేంది అత్తమ్మా!"

"మైల కాదే? ఇన్నొద్దులు మనింట్ల మెసలిన మనిషి పోతే, పొయ్యెట్ల మండిస్తవ్?"

"ఆయన పోయి రెండువేల ఏండ్లు దాటింది నాయినమ్మా," అంది తార.

"నాకు గిప్పుడే గద తెలిసింది!"

సరిగ్గా అప్పుడే మా ఆయన చేను నుంచి ఆకలితో వచ్చాడు. ఆరిన పొయ్యి, తల్లి తడి జుట్టు చూసి గడపలోనే ఆగిపోయాడు.

"ఎవరు పోయిన్రవ్వా? రాయికోడ్ మామనా?"

"గ్రీసు ముసలాయన."

"ఏ ఊరు?"

తార భయపడుతూ పుస్తకం చూపించింది. ఆయన మొహం ఎర్రబడింది. "చూసిన్రా, గీ చదువు ఇంట్ల పొయ్యి ఆర్పింది! దసరా లేదు గిసరా లేదు, రేపటి సంది బడి బంద్!"

తార కళ్లనిండా నీళ్లు.

"ఏ పాపం చెయ్యని మనిషికి విషం తాగిచ్చిన్రురా," అంది అత్తమ్మ. "ఎందుకని అడగవేంది? నీది గుండెనా, బండనా?"

ఆయన మంచం మీద కూలబడ్డాడు. కాసేపటికి గోడకేసి చూస్తూ, "ఎందుకు తాగిచ్చిన్రట?" అన్నాడు.

"పోరగాళ్లకు ప్రశ్నలడుగుడు నేర్పిండని, నాయినా."

"గంతేనా? మరి పారిపోవచ్చు గద?"

"దోస్తులు జైలు నుంచి తప్పిస్తమన్నరు. ఊరి చట్టం దాటనని ఆయనే పోలే."

"పిచ్చోడు," అన్నాడు. మళ్లీ, "పెండ్లాం పిల్లలు ఏమైన్రు?" అన్నాడు. తెలిసినంత చెప్పింది తార.

"శిష్యులు ఊకున్నరా?"

"గది మీది తరగతి పుస్తకంల ఉంటది నాయినా."

ఆయన లేచి కాళ్లు కడుక్కొచ్చాడు.

"కోహీరోళ్లను ఇంకో రెండేండ్లు ఆగుమంట. ఆగకుంటే వాళ్లిష్టం," అన్నాడు నాతో. "ఆకలైతుంది, జర ఏమన్న పెట్టు. పొయ్యి ముట్టియ్యకు, అవ్వ ఊకోదు."

ఆ పూట అందరం ప్యాలాలు, ఉల్లిగడ్డ నమిలి పడుకున్నాం.