చల్లారని ముద్దలు

“ఎవురప్పా ఇంగా తినంది? రాండి! రెండు ముద్దలు మిగిలిపోయినాయి!”

నల్లమ్మ కేక వీధి ఈ కొసనుంచి ఆ కొసదాకా పోయింది గానీ, మనిషి మాత్రం ఒక్కరూ రాలేదు. ఏసుగుడి ముందర చప్పరం కింద సత్తుతట్టలు పెట్టుకొని కూచున్న జనం బిత్తరపోయి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మిగలడమేంది? నల్లమ్మ ముద్దలు మిగలడమా?

కుందుర్పికి ఆ పక్కనుండే ఊరది. డెబ్బైల్లో వచ్చిన కరువు. విత్తనానికని దాచిన శెనక్కాయలు కూడా జనం వేయించుకొని తినేసినారు. మిషను అయ్యవారు బండిమీద పంపే జొన్నపిండితో నల్లమ్మ ప్రతి మధ్యాహ్నం సంగటి కెలికేది. బాప్తిస్మమప్పుడు ఆమెకు మార్తమ్మ అని పేరు పెట్టినారు, పాపం ఆ పేరుతో అయ్యవారు తప్ప ఇంకెవరూ పిలిస్తే కదా! ఇంతకీ ఆమె సంగటి సంగతేమంటే, పిండి ఎంత పోసినా సరే, ఆ పూట ఊర్లో ఎంతమంది పస్తున్నారో అన్నే ముద్దలు వచ్చేవి. ఎవరి ముద్ద వాళ్ళు తినేదాకా చల్లారేది కాదు. దాన్ని ఎవరూ వింతనుకోలేదు. ఒక ముద్ద ఎక్కువొస్తే, “ఎవరో బాటసారి వస్తాండాడు, ఇంగో తట్ట కడగండి” అనేవాళ్ళు. ఆ బాటసారి రానూ వచ్చేవాడు.

ఆ రోజు మాత్రం ఎవరూ రాలేదు.

నల్లమ్మ పెట్టిన కట్టడి ఒకటుంది. అందరూ కూచోందే ప్రార్థన లేదు, ప్రార్థన కాందే ముద్ద ముట్టేది లేదు.

“ఏమక్కా, ఆ రెండూ కుక్కలకేసి ఆమెన్ అనేయకూడదా? నా కడుపులో పేగులు కొట్లాడుకుంటాండాయి” అన్నాడు పుల్లన్న. పని దొరక్క పామిడి నుంచి వచ్చి గుడి పంచన చేరినవాడు అతను.

“కాసేపు రాజీపడమను నీ పేగుల్ని. ఇవి ఎవురివో, వాళ్ళు యాడ పడుండారో” అని నల్లమ్మ ఆ రెండు ముద్దలూ తట్టలో పెట్టుకొని వీధిన పడింది. ఆకలి మీదున్న జనమంతా గొణుక్కుంటా ఆమె వెనకాలే.

బయమ్మ గడప దాటినారు, ఏమీ లేదు. ఎర్రన్న కొట్టం దాటినారు, ఏమీ లేదు. తిమ్మప్ప ఇంటి ముందరికి వచ్చేసరికి ముద్దల మీద ఆవిరి గుప్పుమని లేచింది. తట్ట చెయ్యి పెట్టనియ్యనంత కాలింది.

జనం నోళ్ళు తెరుచుకున్నాయి. తిమ్మప్ప అంటే ఎవరనుకున్నారు? ఊర్లో సగం భూమి ఆయనదే. ప్రతి మధ్యాహ్నం ఆ ఇంటి మిద్దె మీదనుంచి పొయ్యి పొగ లేస్తానే ఉండాది. ఇప్పుడు కూడా లేస్తాండాది!

ఆ ఇంటి బావిలో నీళ్ళు చేదుకుందని పోయినేడు తిమ్మప్ప నల్లమ్మ బిందెను రాతికేసి కొట్టించినాడు. ఆమె గబగబా మొహం తిప్పుకొని వీధి చివరిదాకా పోయింది. అంతే, ఆవిరి ఆగిపోయింది. ముద్దలు గుండ్రాళ్ళంత బరువెక్కి భుజం లాగేసినాయి. అడుగు ముందుకు పడితే ఒట్టు.

“ఏసుసామీ, ఇంత ఊర్లో నీకు ఈయప్పే దొరికినాడా?” అని పళ్ళు కొరికి, వెనక్కి తిరిగొచ్చి తలుపు కొట్టింది.

“మేం తిన్న్యాం. పో” అన్నాడు లోపలినుంచి తిమ్మప్ప. గొంతు బావిలోనుంచి వచ్చినట్టుంది.

“తినింటే ఇవి నా చెయ్యి ఎందుకు కాలుస్తాయి సామీ? తలుపు తియ్యి.”

తలుపు తీసింది ఆయన కాదు, ఆయన భార్య రామలక్ష్మమ్మ. గోడ పట్టుకొని నిలబడింది. మెడలో ఎముకలు లెక్కపెట్టొచ్చు. ఆమె వెనకాల పొయ్యి కనపడింది. పొయ్యిలో తడిపిన శెనక్కాయ పొట్టు రాజుకుంటాండాది. పొయ్యి మీద కుండ లేదు. ఆ ఇంట్లో యాడా గింజ లేదు.

జనం కొయ్యబారిపోయినారు.

“నిన్నటిదాకా గుప్పెడు గింజలన్నా ఉన్న్యాయి. ఆ పొగ మీకు కనపడల్లని పెట్టేది” అనింది రామలక్ష్మమ్మ. “ఊరు ఏమనుకుంటాదోనని.”

తిమ్మప్ప మంచం మీద గోడవైపు తిరిగి పడుకోనుండాడు. తిరక్కుండానే అన్నాడు, “ఆడ పెట్టి పో నల్లమ్మా. నీ బిందె సంగతి మర్చిపోయినావా?”

“యాడ మర్చిపోయినాను? నా పెండ్లినాటి బిందె. అయినా ముద్ద నీ పేరున వచ్చినాది, నేనేం జేసేది? ఈడ పెట్టి పోయేది కుదర్దు. నువ్వొచ్చి కూచోందే ప్రార్థన లేదు. నువ్వు రాకుంటే ఊరంతా పస్తే.”

“అన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా, రాన్నా!” అని పుల్లన్న ఏడుపుగొంతుతో అరిచినాడు. “నీ పరువు సంగతి సాయంత్రం మాట్లాడుకుందాం. ఇప్పుడు నేను పోయేట్టుండాను!”

ముందు నవ్వింది రామలక్ష్మమ్మే. నవ్వి, గడప దిగి, గుంపులో ముందరున్న బయమ్మ భుజం పట్టుకొని నడిచింది. కాసేపటికి తిమ్మప్ప కూడా లేచినాడు. కండువా తలకు చుట్టుకోబోయి, ఎందుకో మళ్ళా భుజాన్నే వేసుకున్నాడు.

చప్పరం కింద పుల్లన్న జరిగి చోటిచ్చినాడు. నల్లమ్మ తిమ్మప్ప చేతుల మీద నీళ్ళు పోసింది. ఎర్రటి బురదనీళ్ళు.

“యాడివి ఈ నీళ్ళు?”

“వంక ఇసకలో తవ్వుకున్న చెలమవి. ఇంగ యాడివుంటాయి సామీ మాకు?”

తిమ్మప్ప అరచేతుల్లోని బురదను చాలాసేపు చూసినాడు. ముద్ద ముందర ఆవిరి కక్కుతానే ఉండాది.

“నా బావిలో అడుగున కొంచెం ఊట ఉండాది” అన్నాడు తల వంచుకొని. “బిందె తీసుకోనిపో. ఈ పొద్దే కాదు. అందురూ రాండి.”

జనం మళ్ళా నోరెళ్ళబెట్టినారు. “ఇంగా లేటా!” అన్నాడు పుల్లన్న.

బావికాడ నల్లమ్మ కాళ్ళు అలవాటుగా దూరంగానే ఆగిపోయినాయి. ఆమె వాటిని తిట్టి, గట్టుమీదికి ఎక్కించి, చేద వేసింది. తేటనీళ్ళు తెచ్చి అందరి చెంబుల్లో పోసి, తనూ తట్ట ముందర చతికిలబడింది. రోజూ అంత పొడుగు ప్రార్థన చేసే మనిషి ఆ రోజు ఒక్కమాటే అనింది.

“సామీ, అందురం కూచున్న్యాం.”

తిమ్మప్ప ముద్దలో వేలు పెట్టినాడు. వేడిగానే ఉండాది గానీ కాలలేదు. పుల్లన్న అప్పటికే మింగేస్తాండాడు.