బంక అయిపోయిన నేల

షిమూన్ పొద్దున్నుంచీ కాలుగాలిన పిల్లిలా గుడిసె చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. పక్కచుట్ట తాడేసి బిగించాడు. గోనెలు మడిచాడు. బంక గోకే కత్తులు సంచిలో పడేశాడు. మధ్యాహ్నం పోటు మీద పడవ వెళ్ళిపోతుంది. సొంత దేశం డాల్మేషియా నుంచి అతనితో వచ్చి బంక తవ్వే కుర్రాళ్ళంతా అప్పుడే రేవులో ఉన్నారు. ఇక్కడ మిగిలింది అతనూ, కూర్చున్న చోటు నుంచి కదలని అతని భార్య పెరీనా.

"ఇంకా కూర్చున్నావేంటే? ఆ ద్రాక్షతీగలు పెకలించు, తడిగోనెలో చుడదాం."

"పెకలించను."

షిమూన్ వినిపించుకోనట్టే గోనె తడపడానికి పోయాడు. ఆ మాట ఇన్నాళ్ళకి పెరీనా నోట్లోంచి ఊడిపడింది.

తెగులొచ్చి ద్రాక్షతోటలన్నీ ఎండిపోబట్టే కదా, వీళ్ళ ఊరి మగవాళ్ళు న్యూజిలాండ్ ఉత్తరపు కొసకి వచ్చి, ఎప్పుడో కూలిన కౌరి చెట్ల బంకని నేలలోంచి తవ్వి వార్నిషుకి అమ్ముకుంటున్నది! పెళ్ళయి బయల్దేరుతూ పెరీనా, తెగులు సోకని చివరి వరస నుంచి కొమ్మలు కోసి, బంగాళాదుంపల్లో గుచ్చి తెచ్చుకుంది. కానీ ఒకచోట బంక అయిపోగానే షిమూన్‌కి కాలు నిలిచేది కాదు. వెళ్ళిన ప్రతిచోటికీ ఆమె తీగల్ని పెకలించి మోసింది, ప్రతిసారీ సగం చచ్చాయి. చివరికి నాలుగు బతికాయి. ఈ వసంతంలో మొదటిసారి చిగురు పక్కన పూమొగ్గ కనబడింది. మొగ్గ మీదున్న తీగని కదిపితే ఇక బతకదు. తోటలో పుట్టి పెరిగిన షిమూన్‌కి ఆ సంగతి ఒకరు చెప్పాలా!

ఊరి వైపు నుంచి తుపాకులు పేలాయి, బ్యాండు మోగింది. ఈ నేలకి హక్కుదారైన మావోరీ పెద్దావిడ రిపెకా చిలగడదుంపల బుట్టతో గట్టెక్కి వచ్చింది. ఆవిడ పుణ్యమా అని, ఇంగ్లీషు రాకముందే పెరీనాకి మావోరీ భాష వచ్చేసింది.

"ఏంటత్తా ఆ గోల?"

"ఇవాళ్టి నుంచి ఈ దేశం వలసరాజ్యం కాదట పిల్లా, ఏదో పెద్ద హోదా ఇచ్చారట. దుకాణం దొర టోపీ ఎగరేస్తున్నాడు. వాళ్ళు జెండా ఎత్తినప్పుడల్లా నాకు హడలే. మర్నాడు ఎవడో ఒకడు కొలతగొలుసు పట్టుకుని నా పొలంలో దిగుతాడు."

"హోదా వాళ్ళకి, మనకేం ఒరిగింది?" అన్నాడు షిమూన్. "సర్కారు నేలల్లో ఇంగ్లీషు రాజుగారి ప్రజలే తవ్వాలట. డాల్మేషియాని ఏలేది ఆస్ట్రియా కాబట్టి మేం ఆస్ట్రియావాళ్ళమట! ఆస్ట్రియా రాజు మా ఇంటికొచ్చి భోంచేశాడా? ఇంకా ఉత్తరాన ఎవరూ ముట్టని బాడవలున్నాయి. పోతాం."

"ఆ తర్వాత?" అంది పెరీనా.

"ఇంకోచోటు. నాలుగు డబ్బులు కూడితే ఇంటికి."

"ఏ ఇంటికయ్యా? ఎండిన తోటకా?"

"ఇక్కడే ఉండమన్నాను కదరా," అంది రిపెకా. "మావాళ్ళందరూ ఒప్పుకున్నారు."

"ఉండి ఏం చెయ్యనత్తా? బంకంతా లాగేశాం. మేక కూడా మెయ్యదు ఇక్కడ."

అది నిజమే. ఇంగ్లీషు దొరలు తలా ఒక గొయ్యి తవ్వి పోతారు. వీళ్ళు మాత్రం వరసగా నిలబడి, గట్టంతా ఈ చివర నుంచి ఆ చివరకి తిరగేస్తారు. అందుకే దొరలకి వీళ్ళంటే అంత మంట.

షిమూన్‌కి ఓపిక పోయింది. పార అందుకుని తీగ దగ్గరికి నడిచాడు. పెరీనా అడ్డం వెళ్ళలేదు.

పార మెత్తగా పిడిదాకా దిగిపోయింది. షిమూన్ తడబడ్డాడు. వంగి, గుంటలో చెయ్యి పెట్టి వేరు వెంబడి తడిమాడు. మోచెయ్యి మునిగినా కొస అందలేదు.

"ఇంత లోతుకెలా పోయిందే ఇది?"

"నువ్వే పంపావు. మీ నాన్న కొత్త తోట వెయ్యాలంటే ముందేం చేసేవాడు?"

"ఏం చేస్తాడు? నడుం లోతు కందకం కొట్టి, రాళ్ళేరి, పక్క కందకం మట్టితో పూడ్చి..."

షిమూన్ తలెత్తి గట్టు కేసి చూశాడు. రేవు దాకా ఉన్న నేలంతా అతనూ అతని మనుషులూ నడుం లోతున తిరగేసిందే.

"మీ నాన్న జన్మంతా తవ్వినా ఇందులో పావు వంతు కాలేదు," అంది పెరీనా. "సగం తోట వేసేసి పారిపోతున్నావయ్యా నువ్వు!"

రేవులోంచి కేక వినబడింది. "షిమూనో! నీళ్ళు తీసేస్తున్నాయి! వస్తున్నావా, పెళ్ళాం చాటున దాక్కున్నావా?"

"పండేదాకా ఏం తింటాం?" అన్నాడు షిమూన్, ఎవరినని లేకుండా.

"ఇన్నాళ్ళూ ఏం తిన్నావు?" అని రిపెకా బుట్ట ముందుకి నెట్టింది.

అతను పడవ వైపు చూశాడు, తీగ వైపు చూశాడు. మట్టి చేతుల్ని నోటి దగ్గర పెట్టుకుని అరిచాడు. "మీరు పదండి!"

"మరి నువ్వెప్పుడొస్తావ్?"

"ద్రాక్ష కోతయ్యాక!"

"ఏ ద్రాక్షరా?" అని రేవంతా నవ్వింది.

పెరీనాకి ఏడుపొచ్చింది, ఆపుకోలేకపోయింది. పడవ మలుపు తిరిగేదాకా షిమూన్ గట్టు మీద అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాడు. వెళ్ళి ఉండాల్సిందని ఒకసారి, వరసలు సముద్రం వైపు పెట్టాలని ఒకసారి గొణుక్కుంటున్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, గుమ్మంలో ఉన్న పక్కచుట్ట ముడి విప్పి, తాడు లాగేసింది. ఆ తాడుతో తీగని కర్రకి కట్టడం మొదలుపెట్టింది.

"నా తాడే అది!" అని పైనుంచి అరిచాడు షిమూన్.

"తెలుసు," అంది పెరీనా, ఇంకో ముడి వేస్తూ.