చప్పిడి రొట్టె

ముత్తుకూరులో మా సంఘానికి నెలనెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల. ప్రభువు ఆఖరి భోజనానికి గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం పంచుకుంటాం. ఆ బల్ల మీదికి రొట్టె చేసేది సామ్రాజ్యం పెద్దమ్మ. నలభై రెండేళ్ళుగా ఆమే. శనివారం సాయంత్రం తల మీద కొంగు కప్పుకుని, ఉప్పు వేయకుండా గోధుమపిండి కలిపి, పెనం మీద పలచగా కాల్చి, చాకుతో గోరంత ముక్కలు కోస్తుంది. అంచుల్లో మిగిలిన తుంపులు కోళ్ళకు వేస్తుంది. ఒక్క తుంపు కూడా తన నోట్లో వేసుకోదు.

మర్నాడు గుడిలో ఆ పళ్ళెం పట్టుకుని వరసల మధ్య తిరిగేది ఆమె మొగుడు జకరయ్య పెదనాయన. ఆయన సంఘపెద్ద. ఆడవాళ్ళ వైపు మూడో వరసలో కూర్చున్న పెళ్ళాం దగ్గరికి వచ్చేసరికి పళ్ళెం కాస్త పైకెత్తి పక్కామెకు అందిస్తాడు. వెనకాలే ద్రాక్షరసం గ్లాసుల పళ్ళెంతో పోయేది నేను. ఆయన ఎత్తితే నేనూ ఎత్తాలి.

దీనికంతటికీ కారణం నీళ్ళు. మాది ముంచే సంఘం. మనిషి ఎదిగి, మంచీ చెడూ తెలిసి, నమ్ముతున్నానని తన నోటితో ఒప్పుకుంటే అప్పుడు నిలువునా నీళ్ళలో ముంచి లేపుతారు. ఆ బాప్తిస్మం అయినవాళ్ళకే బల్ల. పెద్దమ్మ పుట్టిల్లు నాయుడుపేట దగ్గర, లూథరన్ సంఘం. వాళ్ళు పసిబిడ్డ తల మీద చారెడు నీళ్ళు చల్లి బాప్తిస్మం అయిందంటారు. మావాళ్ళ దృష్టిలో అది తల తడవడం, అంతే. పెళ్ళయి వచ్చిన ఏడాదే ఆమెను మళ్ళీ మునగమన్నారు. ఒకసారి అయింది, రెండోసారి దేనికని ఆమె అడిగింది. అప్పట్నుంచీ మొగుడిది ఒకటే మాట, పెళ్ళానిది ఒకటే మాట. కాపురం మాత్రం వంక పెట్టడానికి లేకుండా చేశారు. పిల్లల్లేరు. ఒకరికొకరే.

మా వీధిలో చేపలమ్మే మహాలక్ష్మికి ఈ సంగతి తెలిసి ఒకసారి నన్ను నిలదీసింది. "ఏందబ్బా మీ గుడి యవ్వారం? వొండినామెకి పెట్టరా?" అంది. మూడేళ్ళు బైబిలు క్లాసులకు వెళ్ళినవాణ్ణి, బొచ్చె చేపలు తీసుకుని నోరు మూసుకుని వచ్చేశాను.

నా సంగతి కూడా చెప్పాలి. నా పేరు క్రీస్తురాజు. పోర్టు రోడ్డులో లారీలు తూచే కాటా దగ్గర పని. బరువెంతో చెప్పడం నా ఉద్యోగం, ఎందుకంత బరువుందని అడగడం కాదు. గుడిలోనూ చాలా ఏళ్ళు అట్లాగే నెట్టుకొచ్చాను. మా అమ్మ దీనమ్మ పెద్దవయసులో, ఉబ్బసంతో మంచాన పడ్డాక నమ్మింది. ఊపిరి అందని మనిషి. నీళ్ళలో ముంచితే మళ్ళీ లేవదు. అందుకని మునగలేదు. పోయే ముందు బల్ల అడిగింది. అప్పటి పాస్టరు పెడదామనే అన్నాడు. జకరయ్య పెదనాయన కుదరదన్నాడు.

"దీనమ్మ రక్షణ దేవుడు చూసుకుంటాడు. బల్ల సంగతి మనం చూసుకోవాల" అన్నాడు, నా ముందే.

మూడో రోజు అమ్మ పోయింది. పెట్టె ముందు వైపు భుజం పట్టింది మళ్ళీ ఆయనే. సమాధుల దొడ్డి దాకా భుజం మార్చుకోలేదు. అటువంటి మనిషి మీద పూర్తిగా కోపం తెచ్చుకోవడం కష్టం. పదకొండేళ్ళుగా ప్రయత్నిస్తూనే ఉన్నాను.

నిరుడు వానాకాలం వెళ్ళాక పెద్దమ్మకు కాళ్ళు వాచాయి. నెల్లూరులో చూపిస్తే గుండె బాగా అలిసిపోయింది, ఇంటికి తీసుకెళ్ళి మంచిగా చూసుకోండి అన్నారు. మంచిగా చూసుకోండి అంటే ఏమిటో అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు. కొత్తగా వచ్చిన పాస్టరు సుశీల్ కుమార్ గారు ప్రార్థనకు వచ్చినప్పుడు మంచం మీద కూర్చునే అడిగింది.

"అయ్యగారూ, నాకు వేరే ఆశలేం లేవు. నా చేతి రొట్టె ఒక్కసారి నాకు పెట్టండి."

సుశీల్ కుమార్ గారు ముప్ఫై నిండని మనిషి. పెదనాయన వైపు చూశాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను.

"సిలువ మీద ప్రభువు పక్కన దొంగ ఉన్నాడు కదండీ, అతన్ని ఎవరు ముంచారు? నమ్మాడు, అదే రోజు పరలోకానికి పోయాడు" అన్నాడు పాస్టరుగారు.

"ఆ దొంగ చేతులకి మేకులు కొట్టినారయ్యా, దిగి వొచ్చి మునిగే వీలు లేదు. ఈమెకి నలభై రెండేండ్లు వీలుండింది. తొట్టి కూడా నేనే కడితిని" అన్నాడు పెదనాయన.

ఆ మాట నిజమే. ఆయన తాపీమేస్త్రి. ఒకప్పుడు మావాళ్ళు ఉప్పుటేరులో బాప్తిస్మాలు ఇచ్చేవాళ్ళు. పోర్టు వచ్చాక అటు పోవడానికి లేక, గుడి వెనక సిమెంటు తొట్టి కట్టారు. దాన్ని ఆయనే ఒంటి చేత్తో కట్టాడు. ఈ రోజుకీ చుక్క కారదు.

"వేన్నీళ్ళు పోయిస్తా మే" అన్నాడు పెళ్ళాంతో. "కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం దించతాం. రెప్పపాటు. అంతే గదా."

పెద్దమ్మ దిండుకు ఆనుకుంది. ఊపిరి కూడదీసుకుంది.

"నాకు ముందు ఇద్దరు పుట్టి పోయినారు అయ్యగారూ. మూడోదాన్ని నేను. ఊళ్ళో అందరూ మా అమ్మకి చెప్పినారు, బిడ్డని పెంటదిబ్బలో దొర్లించి పెంటమ్మ అని పేరు పెట్టు, అప్పుడు బతుకుద్ది అని. మా అమ్మ వినలా. నలభయ్యో రోజున గుడికి ఎత్తుకుపోయి నీళ్ళు చల్లించి సామ్రాజ్యం అని పెట్టింది. నేను అడగలా. నాకు అడిగే నోరే లేదు. అడక్కుండా ఇచ్చింది గదా కృప అంటే? ఇప్పుడు పోయి మళ్ళా మునిగితే, అమ్మా నువ్వు చేసింది ఉత్తదే అని చెప్పినట్టు కాదా?"

"అమ్మ నమ్మకం అమ్మది. నీ బదులు ఆమె నమ్మితే చెల్లదు" అన్నాడు పెదనాయన.

గొంతు గట్టిగానే ఉంది. చేతులు మాత్రం ఆమె దుప్పటి అంచును పట్టుకుని వదలడం లేదు. అప్పటిదాకా ఆయనది మొండితనమనే అనుకునేవాణ్ణి. ఆ చేతులు చూశాక అది భయమని తెలిసింది. ముంచకుండా పంపిస్తే ఆమె ఎక్కడికి పోతుందో అని, తను పోయాక అక్కడ ఆమె కనబడదేమో అని ఆయన భయం. పాస్టరుగారు పెద్దలతో మాట్లాడి చెబుతానని లేచాడు. మా సంఘంలో పెద్దలతో మాట్లాడటమంటే పెదనాయనతో మాట్లాడటమే.

మరుసటి వారం పెదనాయన పెరట్లో తొట్టి కట్టడం మొదలుపెట్టాడు. నడుమెత్తు, మనిషి కాళ్ళు చాపుకుని కూర్చునేంత పొడుగు. ఎందుకని అడిగితే, "మీ పెద్దమ్మ నిలబడి పోసుకోలేకుండా ఉంది" అన్నాడు. రెండు రోజుల్లో కట్టాడు, మరో రెండు రోజులు నీళ్ళు నిలిపి గట్టిపడనిచ్చాడు. ఆ వయసులో ఇటుకలు మోస్తుంటే నేను సాయం పడతానన్నాను. వద్దన్నాడు.

మా బోరు వాళ్ళ దడి పక్కనే. ఆ శుక్రవారం పొద్దున నేను బిందెలు పట్టుకుంటున్నాను. దడికి అవతల నీళ్ళు పోసే చప్పుడు, పెద్దమ్మ చిన్నగా మూలగడం, తర్వాత ఆయన గొంతు. గొణుగుతున్నాడు. తండ్రి పేరు, కుమారుడి పేరు, పరిశుద్ధాత్మ పేరు. నాకు బోరు కట్టేయడానికి చెయ్యి రాలేదు. నీళ్ళు ఒక్కసారిగా పొంగిన చప్పుడు. తర్వాత దగ్గు. చాలాసేపు దగ్గింది.

"ముంచినావా?" అంది చివరికి.

తొట్టిలో నీళ్ళు కదిలిన చప్పుడు.

"నన్ను అడిగినావా?"

"లేదు."

"నేను ఒప్పుకున్నానా?"

"లేదు."

"మరి ఇది చెల్లతాదా? నువ్వే చెప్పు. నలభై రెండేండ్లు నువ్వు చెప్పిందే గదా."

ఆయన అన్నాడు. "చెల్లదు."

"చెల్లదని తెలిసి ఎందుకు చేసినావయ్యా?"

"నువ్వు ఆడ లేకపోతే నాకెట్టా మే?" అన్నాడు. ఏడుస్తున్నాడని గొంతును బట్టి తెలిసింది. ఊరంతా హడలిపోయే మేస్త్రి, దడికి అవతల ఎక్కిళ్ళు పెడుతున్నాడు.

"మా అమ్మ కూడా అందుకే చేసింది" అంది పెద్దమ్మ.

కాసేపటికి, "చలేస్తుండాది, తువ్వాల ఇయ్యి" అని మాత్రం వినిపించింది. నా బిందె నిండి, పొర్లి, కాళ్ళ కింద బురదయింది.

శనివారం సాయంత్రం నేను ద్రాక్షరసం కోసం వాళ్ళింటికి వెళ్ళాను. ఎండు ద్రాక్ష నానబెట్టి, ఉడికించి, వడగట్టడం పెద్దమ్మ పనే. ఆ రోజు ఆమె మంచం వాకిట్లోకి జరిపించుకుని పడుకుని ఉంది. పొయ్యి దగ్గర పెదనాయన. ఆడవాళ్ళలాగా తల మీద తువ్వాలు వేసుకున్నాడు. ఆమె చెబుతుంటే ఆయన పిండి పిసుకుతున్నాడు. సిమెంటు కలిపినట్టు కలుపుతున్నావు అని ఆమె తిట్టింది. రొట్టె ఒక పక్క మాడింది. ఆ మాడినదాన్నే ముక్కలు కోశాడు. అంచు తుంపులు కోళ్ళకు వేశాడు, అచ్చం ఆమెలాగే, తను ఒకటి కూడా రుచి చూడకుండా.

నేను దడి దగ్గర విన్న సంగతి ఎవరికీ చెప్పలేదు. పొర్లిన నీళ్ళు దడి కింద నుంచి వాళ్ళ పెరట్లోకి పోయాయి, విన్నానని వాళ్ళిద్దరికీ తెలుసు.

ఆదివారం పెద్దమ్మను ఆటోలో గుడికి తెచ్చారు. మూడో వరస పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ప్రార్థన అయింది. పెదనాయన రొట్టె పళ్ళెం అందుకున్నాడు, నేను గ్లాసులు అందుకున్నాను. మొదటి వరస, రెండో వరస. మూడో వరసలో కుర్చీ దగ్గరికి వచ్చాక అలవాటు కొద్దీ నా పళ్ళెం పైకి లేచింది. ఆయనది లేవలేదు.

"అయ్యగారూ" అన్నాడు, పాస్టరు వైపు తిరక్కుండానే. "ఈమెకి బాప్తిస్మం అయింది. అరవై మూడేండ్ల కిందట నాయుడుపేటలో అయింది. వాళ్ళమ్మ చేయించింది. నేను ఇన్నాళ్ళూ ఒప్పుకోలేదు. నాది తప్పు."

వెనక వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో "అదెట్టా" అన్నారు. పాస్టరుగారు తల ఊపాడు. పెదనాయన పళ్ళేన్ని ఆమె ముందుకు దించాడు.

నిజం చెబుతాను. నాకు సంతోషం కలగలేదు. ఒళ్ళు మండింది. పెళ్ళాం కోసమైతే ఇంత తేలికగా దిగిన పళ్ళెం మా అమ్మ మంచం దాకా ఎందుకు రాలేదని గ్లాసులతో సహా నేలకేసి కొట్టాలనిపించింది. గ్లాసులు ఒకదానికొకటి తగిలి చప్పుడవుతున్నాయి. అందరికీ వినబడే ఉంటుంది.

పెద్దమ్మ ముక్క తీసుకుంది. నోట్లో పెట్టుకోలేదు. నా మొహంలోకి చూసింది. ఉన్నదే గోరంత ముక్క. దాన్ని రెండు గోళ్ళతో మధ్యకు విరిచి సగం నా వైపు చాపింది.

"ఇది దీనమ్మది" అంది.

చచ్చిపోయినవాళ్ళకు బల్ల ఏ సంఘంలోనూ లేదు. ముంచేవాళ్ళలో లేదు, చల్లేవాళ్ళలో లేదు. ఆమెకూ ఆ సంగతి తెలుసు. నేను పెదనాయన వైపు చూశాను. ఈ తప్పునైనా ఆయన ఆపుతాడేమోనని చూశాను. ఆయన తల వంచుకుని, నాకొక్కడికే వినబడేట్టు అన్నాడు.

"తీసుకోరా అబ్బయా. ఆ రోజు కాదన్నది నేనే."

తీసుకున్నాను. నోట్లో వేసుకున్నాను. ఉప్పు లేదు, మాడు వాసన. అమ్మ పోయిన పదకొండేళ్ళకు గుడి మధ్యలో, చేతిలో గ్లాసుల పళ్ళెంతో, ముక్కు తుడుచుకోవడానికి కూడా వీల్లేకుండా ఏడ్చాను. పెద్దమ్మ తన సగం నోట్లో పెట్టుకుని మెల్లగా నమిలింది. నలభై రెండేళ్ళు చేసిన రొట్టె రుచి ఆమెకు తెలియడం అదే మొదలు.

"మాడ్చినావు గదయ్యా" అంది మొగుడితో. ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

మరుసటి నెల బల్లకు ఆమె లేదు. సంఘంలో మాత్రం ఆ రోజు మొదలైన గొడవ ఇంకా తెగలేదు. నాలుగు కుటుంబాలు వెంకటాచలంలో వేరే గుడికి పోతున్నాయి. పెదనాయన పెద్దరికం వదిలేశాడు, ఎవరూ అడగకముందే. పళ్ళెం ఇప్పుడు వేరేవాళ్ళు పడతారు. రొట్టె చేయడం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. నెలలో ఆ ఒక్క శనివారం కోసం కాచుకుని, ముందు రోజే పిండి తెచ్చిపెట్టుకుని, తల మీద తువ్వాలు వేసుకుని కాలుస్తాడు. ప్రతిసారీ ఒక పక్క మాడుతుంది.