అడుగున నల్లరంగు

హెడ్ కానిస్టేబుల్ బండి తాళం తీసి జేబులో వేసుకునేసరికి ఉదయం తొమ్మిదయింది. బండిలో ఆరు ట్రేల వంజరం చేపలు, నాలుగు ట్రేల రొయ్యలు. పది గంటలకు తెనాలి మార్కెట్లో దిగాల్సిన సరుకు. రేపల్లె దాటిన మలుపులో ఐసు కరిగి తారు మీదికి కారుతోంది.

"ఈ నంబరు మీద కంప్లయింటు ఉంది. అసలు బండి చుండూరులో ఉందంట. ఓనరు వస్తున్నాడు. అప్పటిదాకా కదలొద్దు."

"అసలు బండేంటి సార్? ఇదే కదా బండి," అన్నాడు ఏడుకొండలు.

అతని భార్య వెంకటసుబ్బులు దిగి వచ్చింది. వాళ్లది నిజాంపట్నం. హార్బర్ వేలంలో చేపలు పాడేది ఆమె, తెనాలి, బాపట్ల మార్కెట్లకు బండి నడిపేది అతను. ఆ ట్రాలీ బండి కొని ఐదు నెలలు.

పదకొండింటికి ఏసుబాబు వచ్చాడు. చుండూరులో ధాన్యం బస్తాలు తోలే మనిషి. తన బండి తెచ్చి వాళ్ల బండి పక్కన ఆపాడు. ఒకే మోడల్, ఒకే రంగు, ఒకే నంబరు. ఒకదానికి పొట్టు అంటుకుని ఉంది, ఒకదానికి పొలుసులు.

"నేను బాపట్ల పోయి రెండేళ్లయింది," అన్నాడు ఏసుబాబు. "ఫోనుకి మూడు చలానాలొచ్చినయ్. మూడూ బాపట్లవే. ఎవడో నా నంబరేసుకుని తిరుగుతున్నాడని కంప్లయింటిచ్చా. ఆ ఎవడో నువ్వేనా అన్నా?"

"కొనుక్కున్నామయ్యా," అంది సుబ్బులు. "దొంగిలించలా."

ఏసుబాబు ఒరిజినల్ ఆర్‌సీ చూపించాడు. అందులో ఉన్న ఛాసిస్ నంబరు అతని బండి చట్రం మీద కొట్టి ఉంది. సుబ్బులు దగ్గర ఉన్నది ఆర్‌సీ జిరాక్సు. అందులోనూ అవే అంకెలు. ఇక చూడాల్సింది వాళ్ల బండి చట్రం. దాన్ని నల్లరంగు కప్పేసింది.

హార్బర్ బండ్లన్నిటికీ అడుగున నల్లరంగు ఉంటుంది. ఉప్పునీళ్లు ఇనుమును తినేస్తాయని ఏడాదికి రెండుసార్లు పూయిస్తారు. అక్కడ పాత బండి కొనేవాళ్లు ముందు వంగి అడుగు చూస్తారు. రంగు కొత్తగా ఉంటే పాత ఓనరు బండిని బాగా చూసుకున్నాడని నమ్ముతారు. గీకి అంకెలు చూసేవాళ్లు లేరు. గీకితే తుప్పు పడుతుంది.

తెనాలిలో పాత బండ్లు అమ్మే శ్యాంప్రసాద్‌కు ఈ సంగతి తెలుసు. వంగి చూడమని అతనే సుబ్బులుకు చెప్పాడు. చూసి ఆమె సంతోషించింది. బయట మూడున్నర లక్షలు పలికే బండిని రెండు లక్షల ఎనభై వేలకే ఇచ్చాడు. ఒరిజినల్ ఆర్‌సీ ఫైనాన్సు వాళ్ల దగ్గర ఉందని, పేరు తర్వాత మారుద్దామని అన్నాడు. నంబరు ప్లేటుకు తనే పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. దొంగ నంబరుకు దండం కూడా పెట్టాడు.

ఏసుబాబు స్క్రూడ్రైవర్‌తో గీకాడు. రంగు పెచ్చులుగా రాలింది. కింద అంకెలు లేవు. గ్రైండరు పెట్టి అరగదీసిన ఇనుము కనిపించింది.

 ఏడుకొండలు పక్కకు పోయి శ్యాంప్రసాద్‌కు ఫోన్ చేశాడు.

శ్యాంప్రసాద్ వచ్చేసరికి రొయ్యలు రంగు మారాయి. అతను కారు దిగి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఐదు నెలల కిందట చేపలమ్మిన డబ్బు తీసుకున్నప్పుడు ఆ రుమాలు అవసరం పడలేదు. హెడ్ కానిస్టేబుల్, ఏసుబాబు రోడ్డవతల టీ కొట్టు దగ్గర ఉన్నారు. శ్యాంప్రసాద్ మొగుడూపెళ్లాలను బండి చాటుకు పిలిచాడు.

"అక్కా, నేనూ మోసపోయా. నీకన్నా ఎక్కువ బాధ నాకు," అన్నాడు. "కాయితం రాసుకొచ్చా. బాపట్లలో ఎవరో తెలీని మనిషి దగ్గర కొన్నామని. బావ సంతకం పెడితే చాలు. వారంలో ఇంకో బండి ఇస్తా."

"తెలీని మనిషి కొబ్బరికాయ కొట్టాడా?" అంది సుబ్బులు.

"ఎగతాళి కాదక్కా. నా పేరు చెప్పినా నాకేం కాదు, లాయరున్నాడు. స్టీరింగు పట్టుకుంది బావ. లోపలికి పోయేదీ బావే."

ఏడుకొండలు పెన్ను కోసం చెయ్యి చాచాడు. "పెట్టేద్దాం సుబ్బులూ. బండన్నా వస్తది. బండి లేకపోతే ఏం తింటాం?"

సుబ్బులు ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆ వచ్చే బండి ఎవరిది ప్రసాదూ?" అని అడిగింది. "దాని చలానాలు ఏ ఊరోడికి పోతయ్?"

"అవన్నీ నీకెందుకక్కా? అడుగున కొత్త రంగేయించి మరీ ఇస్తాగా."

సుబ్బులు అతని చేతిలోంచి కాయితం లాక్కుంది. రోడ్డు దాటింది. వెనక నుంచి "అక్కా" అని ఒకసారి, "ఏయ్" అని ఒకసారి వినిపించింది. టీ కొట్టు బల్ల మీద, హెడ్ కానిస్టేబుల్ ముందు కాయితం పెట్టింది.

"దీని మీద మేం సంతకం పెట్టం సార్. మాకు బండి అమ్మింది ఆ తెల్ల కారాయన. తెనాలి శ్యాంప్రసాద్. రాసుకోండి."

హెడ్ కానిస్టేబుల్ కాయితం చదివాడు. తలెత్తి కారు వైపు చూశాడు.

"మీ ఆయన మీద కూడా రాయాల్సొస్తుందమ్మా. కోర్టు చుట్టూ తిరగాలి. బండి ఎట్లాగూ రాదు."

"రాయండి. మా ఆయన పేరు పక్కన ఆ ప్రసాదు పేరు కూడా రాయండి."

హెడ్ కానిస్టేబుల్ పెన్ను కోసం జేబులో చెయ్యి పెట్టాడు. ముందు బండి తాళం చేతికి తగిలింది. దాన్ని జేబులోనే ఉంచి పెన్ను తీశాడు.