నా చోట పెట్టిన చిల్లు

నేను ఒక ఇత్తడి వాల్వుని. నీళ్ళని ముందుకి పోనిస్తాను, వెనక్కి రానివ్వను. నా లోపల చిన్న రేకు తలుపుంది. మోటారు తోస్తే తెరుచుకుంటుంది, ఆగితే మూసుకుంటుంది. నాకున్న తెలివంతా ఆ తలుపే. దాన్ని చూసుకునే ఇంతకాలం మిడిసిపడ్డాను.

పాత బిందెలు, విరిగిన కుళాయిలు కరిగించి నన్ను పోశారు. విశాఖపట్నంలో ఒక సామాన్ల కొట్లో ప్లాస్టిక్ వాల్వుల పక్కన వేలాడదీశారు. వాటిని చూసి జాలిపడేవాణ్ణి.

నన్ను కొన్నది పైడిరాజు. బోర్లకీ, మేడ మీది ట్యాంకులకీ గొట్టాలు వేసే మనిషి. నన్ను వాళ్ళ బావ భానోజీ ఇంటికి తీసుకెళ్ళాడు. భానోజీ చేపల బోట్ల మీద ఇంజను డ్రైవరుగా చేశాడు. మోకాళ్ళు పోయాక బోటెక్కలేకపోయాడు. మాట తక్కువ మనిషి, ఆ బాధా ఎవరికీ చెప్పలేదు. అద్దాల తొట్టె ఒకటి కొని సముద్రాన్ని ముందుగదిలో పెట్టుకున్నాడు. పై తొట్టెలో పగడాలు, రొయ్యలు, నాలుగు చేపలు. బల్ల కింద ఇంకో తొట్టె. పైనుంచి జారిన నీళ్ళు అందులోకొస్తే, మోటారు వాటిని మళ్ళీ పైకి తోస్తుంది.

"కరెంటు పోతే ఏటవుద్ది?" అన్నాడు భానోజీ.

"పైకెళ్ళే గొట్టం మూతి పై తొట్టె అడుగుదాకా ఉంది గదా బావా. నీళ్ళన్నీ దాంట్లోంచే వెనక్కొచ్చేస్తాయి. కింద తొట్టె పొంగి అక్క మంచం తేల్తాది. అందుకే ఇది." నన్ను చూపించాడు.

"ప్లాస్టిక్‌ది లేదా?"

"బావకి ప్లాస్టిక్ వేస్తే అక్క నాకు అన్నం పెడతాదా? ఇది ఇత్తడి, రాగి కలిసింది. పొద్దున్నే రాగిచెంబులో నీళ్ళు తాగుతావు గదా. నీ రొయ్యలూ అవే తాగుతాయి."

భానోజీ తలూపాడు. నేనైతే మందునే అయిపోయినట్టు ఉబ్బిపోయాను.

కరెంటు పోయినప్పుడల్లా నీళ్ళు ఆపాను, అబద్ధమెందుకు. కానీ రొయ్యలు ఒక్కొక్కటే వెల్లకిలా పడ్డాయి. పగడాలు ముడుచుకున్నాయి. భానోజీ మేత మార్చాడు, లైటు మార్చాడు. ఏదీ కుదరక తొట్టె ముందు పీటేసుకుని కూర్చున్నాడు. పాపం, వీటికి ఏం తెగులో అని నేనూ బెంగపడ్డాను. తెగులు నేనేనని నాకేం తెలుసు.

ఒకరోజు ఆయన భార్య నూకరత్నం బల్ల కింద తుడుస్తూ ఆగింది. "ఏఁవయ్యా, దీనికి చిలుము పట్టింది చూడు, పచ్చగా. కళాయి లేని ఇత్తడిగిన్నెలో పులుసుంచితే నిన్ను తిననిస్తానా? ఇన్నాళ్ళూ ఆ ఉప్పునీళ్ళని దీంట్లోంచే తిప్పుతున్నావా?"

భానోజీ సీసాలో నీళ్ళు పట్టుకుని చేపల కొట్టుకి వెళ్ళాడు. వాళ్ళు పరీక్ష చేసి, రాగి దిగిందన్నారు. చేపలు ఎలాగో ఓర్చుకుంటాయిగానీ రొయ్యకీ పగడానికీ అది విషమట. అదే రోజు నన్ను ఊడదీశారు. నీళ్ళు మార్చారు. అప్పటికి కాస్త ప్రాణం ఉన్నది ఒక్క పగడానికే. ఇక కరెంటు పోయి, పై తొట్టెలో నీళ్ళు దిగి అది గాలికి తేలిందా, అదీ చచ్చినట్టే.

"మరి దీని చోట ఏటెడదాం? ప్లాస్టిక్‌ది తేనా?" అన్నాడు పైడిరాజు, నన్ను చూడకుండా.

"నత్తో నాచో అడ్డం పడితే దాని తలుపూ మూసుకోదు. చిల్లు పెట్టు."

"గొట్టానికా?"

"పైన. నీటిమట్టానికి ఇంచీ కిందన."

"చిల్లులు మూసి బతికేవోణ్ణి బావా. నా చేత పెట్టిస్తావేటి?"

"బోటు మీద డ్రమ్ములోంచి డీజిలు నోటితో లాగేవోళ్ళం. గొట్టానికి చిల్లుంటే గాలి తీసుకుని ధార తెగిపోయేది. ఎంత తిట్టుకున్నామో. ఇక్కడ తెగాల్సిందే గదా."

ఆయన నోట అంత పొడుగు మాట నేను వినడం అదే మొదలు. అదీ నా చోట చిల్లు పెట్టడానికి.

కింద తొట్టెలో నీళ్ళు తగ్గించి, దిగొచ్చే నీళ్ళకి చోటు ఉంచారు. నూకరత్నం బియ్యం బస్తా మంచం మీదకెక్కించింది. పైడిరాజు గోనెపట్టా పట్టుకుని నిలబడ్డాడు. భానోజీ కావాలనే మోటారు ఆపాడు. నీళ్ళు దిగాయి. పైన మట్టం చిల్లుదాకా రాగానే గుర్రుమని గాలి లోపలికెళ్ళింది. కింద తొట్టె అంచుకి బెత్తెడు దిగువనే నీళ్ళు ఆగిపోయాయి.

"ఆగింది బావా."

"ఊఁ."

నేను చెమటోడ్చి, విషం కక్కి చేసిన పనిని, ఒక ఖాళీ చేసింది. జీతం లేదు, చిలుము లేదు.

నన్ను కిటికీ గట్టు మీద పెట్టి మరిచిపోయారు. మొన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. అలవాటు కొద్దీ తలుపు వేద్దామనుకున్నాను, అది ఎప్పుడో బిగుసుకుపోయింది. తొట్టెలో గుర్రుమంది.

"ఏఁవయ్యా, నీళ్ళు చూడు," అంది నూకరత్నం వంటగదిలోంచి.

"నువ్వే రా," అన్నాడు భానోజీ. "పగడం విచ్చుకుంది."

ఆమె చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, సరిగ్గా నాకు అడ్డంగా నిలబడింది. నాకేమీ కనబడలేదు. పోనీలే. నేను ఎంత దూరంగా ఉంటే దానికంత మంచిది.