ఇంతకీ ఆ కండక్టరెవరు?

“ఇంతకీ ఆ కండక్టరెవరు?” అని అడిగాడు ఆనందరావు, పప్పులో ఉప్పు తగ్గిందని చెప్పినంత మామూలుగా.

నేను ఆయన కంచంలో రెండోసారి అన్నం వడ్డిస్తున్నాను. ఏ కండక్టరండీ అని అడగబోయి ఊరుకున్నాను. తెలియనట్టు మాట్లాడితే అదొక సాక్ష్యం, తడుముకోకుండా చెప్తే అది ఇంకా పెద్ద సాక్ష్యం. మా ఆయన ఏది అడిగినా జవాబు ముందే జేబులో పెట్టుకుని అడుగుతాడు. పెళ్ళైన కొత్తలో ఆ అలవాటు చూసి ఎంత తెలివైనవాడో అనుకున్నాను, నా మొహం.

నా నవల వారపత్రికలో సీరియల్‌గా వచ్చి అప్పటికి నెల దాటింది. అందులో కథానాయిక రోజూ గుడివాడలో బస్సెక్కి గుడ్లవల్లేరులో దిగే టీచరు. ఆ బస్సులో ఒక కండక్టరు ఆమె కోసం కిటికీ పక్క సీటు ఆపి ఉంచుతాడు. వానొచ్చి సీటు తడిస్తే తన తువ్వాలుతో తుడుస్తాడు. పుస్తకం మొత్తం మీద అతను చేసింది అంతే. చివరి అధ్యాయంలో మాత్రం ఒకసారి, “నాతో వచ్చేయండి” అంటాడు. ఆమె రానని చెప్పి తన స్టాపులో దిగిపోతుంది. ఆమె సంస్కారాన్ని మెచ్చుకుంటూ ఎక్కడెక్కడి పాఠకులో ఉత్తరాలు రాశారు. నా ఖర్మేమిటంటే నేనూ గుడివాడలోనే ఉంటాను, నేనూ గుడ్లవల్లేరు బడిలోనే తెలుగు చెప్తాను, నేనూ బస్సులోనే వెళ్తాను.

“ఎవరూ లేరండీ. కల్పితం.”

“లేనిది ఎట్టా రాస్తావు? తువ్వాలు తిరగేసి పొడిగా ఉన్న వైపుతో మళ్ళీ తుడిచాడని రాశావు. చూడకుండా ఎట్టా తెలిసింది?”

అది మంచి ప్రశ్నే. విమర్శకులెవరూ అడగని ప్రశ్న. మా ఆయన నా నవలని చదివినంత శ్రద్ధగా ఇంకెవరూ చదవలేదు. ఎర్ర పెన్సిలు పట్టుకుని గీతలు గీస్తూ చదివాడు. అంతకుముందు నేను రాసిన కథలు వచ్చిన పత్రికల్ని ఇస్త్రీ చొక్కాల మధ్య మడతలకి వాడిన మనిషి! సీరియల్ వేసుకుంటామని ఉత్తరం వచ్చిన రోజు ఆయన అన్నది ఒకే మాట, “ఇంట్లో పనులకి అడ్డం రాకుండా చూసుకో.” అడ్డం రాకుండానే రాశాను. గిన్నెలు తోముతూ వాక్యాలు కట్టుకునేదాన్ని. చేతికి బూడిద, కాగితం ముట్టుకోవడానికి లేదు, మరిచిపోతానేమోనని పైకి గొణుక్కునేదాన్ని. పని తెమిలాక, బడిలో ఖాళీ పీరియడ్ దొరికితే అప్పుడు కాగితం మీద పెట్టేదాన్ని. ఇప్పుడు ఆ గొణుగుడు కూడా నేరాల్లో చేరింది. “అంట్ల దగ్గర కూర్చుని ఎవరితో మాట్లాడుతుంటావు? నవ్వుకుంటావు కూడా. నేను చూశాను.”

ఒకరోజు సెలవు పెట్టి నేనెక్కిన బస్సే ఎక్కి చివరి సీటులో కూర్చున్నాడు. నేను దిగేటప్పుడు చూశాను, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి దొంగ దొరికిపోయాడు, ఆ బస్సు కండక్టరు. పేరు నాగేంద్రబాబు.

“‘టీచరుగారూ, ముందుకు రండి’ అన్నాడుగా?”

“టీచర్లందర్నీ అలాగే అంటాడండీ.”

“టీచర్లందరూ నవలలు రాయలేదుగా!”

పాపం ఆ నాగేంద్రబాబు మనిషిని సరిగ్గా చూసి కూడా ఎరగడు. టిక్కెట్లు కొట్టుకుంటూ “ముందుకు జరగండి, ముందుకు జరగండి” అని అరవడమే ఆయన బతుకు. ఆయన మీద డిపోకి కంప్లయింటు రాస్తానని మొదలుపెట్టాడు మా ఆయన.

అసలు మనిషి బస్సులో లేడు. ఆయన పడవ మనిషి. పేరు పున్నారావు. ఉంటే ఇప్పుడు ముసలివాడై ఉంటాడు. అతన్ని నేను ఎప్పుడూ చూడలేదు. చూసింది మా అత్తగారు సుబ్బరత్నమ్మ.

ఆవిడ పుట్టిల్లు మోపిదేవి అవతల, కృష్ణ ఒడ్డున. ఒక వేసవి మధ్యాహ్నం పెరటి వసారాలో ఇద్దరం చింతపండు గింజలు తీస్తుంటే, ఏ మాటమీద వచ్చిందో, పెళ్ళికి ముందు సంగతి చెప్పింది. ఏటి మధ్య లంకలో వాళ్ళకి మిరప చేను ఉండేదట. కూలీలకి అన్నాలు పట్టుకుని రోజూ పడవ దాటేదట. పున్నారావు ఆవిడ కూర్చునే బల్ల తువ్వాలుతో తుడిచి, తిరగేసి మళ్ళీ తుడిచేవాడట. “ఒకనాడు నడి ఏట్లో గెడ వెయ్యడం ఆపి, నాతో వచ్చేయండి చిన్నమ్మగారూ అన్నాడమ్మాయ్. నేను రానన్నా. మనమెవరం, వాడెవడు?” అని, గింజ నేలకేసి కొట్టింది. నేను ఆ కథలో ఏరు తీసేసి రోడ్డు పెట్టాను, పడవ తీసేసి బస్సు పెట్టాను, చిన్నమ్మగార్ని తీసేసి టీచర్ని పెట్టాను. అత్తయ్యని ఎవరూ పోల్చుకోకూడదని అంత జాగ్రత్త పడితే, ఆ వేషం అచ్చంగా నాకు సరిపోయింది. నాకు బుద్ధి ఉండొద్దూ?

ఆవిడకి కళ్ళు సరిగ్గా ఆనవు. పక్కింటి రమణమ్మ వచ్చి వారం వారం సీరియల్ చదివి వినిపించేది. తువ్వాలు సంగతి వచ్చిన వారం నేను వంటింట్లోంచి విన్నాను. “ఆ ముక్క మళ్ళీ చదువు రమణమ్మా,” అంది. మళ్ళీ చదివించుకుంది. తర్వాత నాతో ఒక్క మాట లేదు. కాఫీ ఇస్తే తాగింది, గ్లాసు కింద పెట్టింది. కోపమా, భయమా, సంబరమా? నాకు అంతుపట్టలేదు. ఆ రోజు నుంచి నేను ఆవిణ్ణి కనిపెట్టుకుని ఉన్నాను, ఆవిడ నన్ను కనిపెట్టుకుని ఉంది, మా ఆయన సరేసరి.

నాగేంద్రబాబు విషయంలో ఆయన నా మీద అరిచిన రోజున ఆవిడ నోరు విప్పుతుందనుకున్నాను. విప్పింది. నా వైపు చూడకుండా, “ఉద్యోగానికి పంపింది నువ్వేగా అబ్బాయ్. బయట తిరిగే ఆడాళ్ళకి ఇట్టాంటివి తప్పవు,” అంది. ఒళ్ళు మండిపోయింది నాకు. అమ్మా తల్లీ, నీ పడవని నా నెత్తిన మోస్తుంటే, ఇంకో రాయి కూడా వేస్తావా? ఒక్క మాట చాలు, ఒక్క పేరు. నేను బయటపడతాను. కానీ ఆవిడ ఈ వయసులో కొడుకు ముందు ఎలా తలెత్తుకుంటుంది?

ఇంతలో బందరు నుంచి పిలుపొచ్చింది. అక్కడి సాహితీ మిత్రులు నవలాకారుల్ని కూర్చోబెట్టి ‘మా నవల ఎలా పుట్టింది’ అని మాట్లాడిస్తారట. ఆహ్వానం చదివి ఆనందరావు కాగితం నా ముందు పెట్టాడు. “మంచిదే. అక్కడ నలుగురిలో చెప్పు, ఎవరిని చూసి రాశావో. చెప్పావా, సరే. చెప్పకపోతే ఇదే నీ చివరి నవల. ఆ తర్వాత ఈ ఇంట్లో కలం కనపడకూడదు.”

అన్నంత పనీ చేస్తాడు. పెళ్ళికి నేను తెచ్చుకున్న వీణ ఏమైందో నాకు తెలుసు. చప్పుడు తలనొప్పి అన్నాడు, వారం తిరిగేసరికి ఎవరింటికో వెళ్ళిపోయింది. దానికి నేను ఏడ్చి ఊరుకున్నాను. ఇది అలా కాదు. ఇది పోతే అంట్ల దగ్గర గొణుక్కోవడానికి కూడా నాకేం మిగలదు.

“నేనూ వస్తా,” అంది అత్తయ్య. బంధువుల పెళ్ళిళ్ళకే కదలని మనిషి! నా నోరు కాపలా కాయడానికి వస్తోందని అర్థమైంది. చక్కగా ఉంది, ఎడమ పక్క కొడుకు, కుడి పక్క తల్లి, మధ్యలో నవలా రచయిత్రి.

బందరులో ఒక బడి హాల్లో సభ. నాకంటే ముందు వెంకట్రామయ్యగారు మాట్లాడారు. పెద్దాయన, చాలా నవలలు రాశారు. తెల్లవారుజామున లేచి గది తలుపు మూసుకుంటారట. వాళ్ళావిడ చప్పుడు చెయ్యకుండా గుమ్మంలో కాఫీ ఫ్లాస్కు పెట్టి వెళ్తుందట. నవల పూర్తయ్యేదాకా పిల్లల జ్వరాలు కూడా ఆయన దాకా రానివ్వదట. “ఆమె మౌనమే నా ప్రేరణ,” అన్నారు. హాలంతా చప్పట్లు. వాళ్ళావిడ వచ్చిందేమోనని వెతికాను. రాలేదు. ఇంట్లో ఏ ఫ్లాస్కు కడుగుతోందో.

నా వంతు వచ్చింది. బస్సు గురించి, బడి గురించి, గిన్నెలు తోముతూ కట్టుకున్న వాక్యాల గురించి చెప్పాను. ఆడవాళ్ళు నవ్వారు. కండక్టరు జోలికి పోలేదు. రెండో వరసలో ఆనందరావు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పక్కన అత్తయ్య కొంగు తలమీదుగా కప్పుకుని ఒళ్ళోకి చూస్తోంది. ప్రసంగం అయ్యాక అక్కడి రివాజు ప్రకారం ప్రశ్నల చీటీలు తెచ్చిచ్చారు. పేరు రాయక్కర్లేదు, ఎవరైనా ఏదైనా అడగవచ్చు. మొదటి చీటీ విప్పాను.

‘మీ కండక్టరు పాత్రకు ప్రేరణ ఎవరు? నిజాయితీగా చెప్పగలరు. ఇట్లు, ఒక పాఠకుడు.’

ఏళ్ళ తరబడి చూస్తున్న చేతిరాత అది. నా జీతం తీసుకునే బ్యాంకు కాగితాలు నింపేది కూడా అదే చేతిరాత. ఒక పాఠకుడట! నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే అసహ్యం వేసింది. ఇంట్లో అడిగి చాలక ముసుగేసుకుని ఇంత దూరం వచ్చాడు. నేను చీటీ మైకు ముందు గట్టిగా చదివాను. అత్తయ్య తల ఎత్తింది. ఆవిడ మొహంలో రక్తం లేదు. నా నోటి వంకే చూస్తోంది. ఇప్పుడు చెప్పేస్తే, ఈ హాలు దాటేసరికి నేను పతివ్రతని. కల్పితమని మళ్ళీ అంటే నమ్మడు, పైగా అది నిజమూ కాదు. ఆ ముసలి మొహం చూస్తూ ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవడం నాకు చేతకాలేదు.

“ఈ పాఠకుడు మా ఆయన,” అన్నాను. నవ్వులు వినిపించాయి, ఆగిపోయాయి. “ఇంట్లో అడిగినప్పుడల్లా ఎవరూ లేరని చెప్పాను. ఉన్నారు. ఒక మనిషి ఉన్నాడు. అతను కండక్టరు కాదు, ఏ బస్సులోనూ పనిచెయ్యడు. కాబట్టి ఎవరిమీదా డిపోకి కంప్లయింటు రాయక్కర్లేదు. అతని పేరు ఇక్కడ చెప్పను. ఇంట్లోనూ చెప్పను. నేను ఇంకో నవల రాస్తాను. అందులో వాళ్ళెవరో కూడా చెప్పను.”

వెంకట్రామయ్యగారు దగ్గారు. ఎవరో ఒకావిడ వెనకనుంచి చప్పట్లు కొట్టింది, తర్వాత ఇంకొందరు. ఆనందరావు లేచి బయటికి వెళ్ళిపోయాడు. నేను కూర్చోలేదు. రెండో చీటీ విప్పాను.

గుడివాడ బస్సులో ఆయన డ్రైవరు వెనక సీటులో కూర్చున్నాడు, మాకు వీపు చూపిస్తూ. నేనూ అత్తయ్యా ఆడవాళ్ళ సీట్లలో కూర్చున్నాం. పెడన దాటింది. ఇంటికెళ్ళాక ఏం జరుగుతుందో ఊహించుకుంటున్నాను. కలం తీసి పారేస్తే ఇంకోటి కొనుక్కుంటాను. బడిలో రాస్తాను. బడి మాన్పిస్తానంటే మాననని చెప్తాను. ఒక్కొక్కటే నాలో నేను అనుకుంటుంటే పెదాలు కదులుతున్నాయని కూడా గమనించలేదు.

“గొణగమాక. మావాడు వింటాడు,” అంది అత్తయ్య. నా చెవి దగ్గరికి వంగింది. “చెప్పేస్తావనుకున్నా అమ్మాయ్. చెప్తే ఏట్లో దూకుదామనుకున్నా.”

“చెప్పను అత్తయ్యా. ఎప్పటికీ చెప్పను.”

“నువ్వు రాసింది తప్పు.”

ఆవిడ కొడుకు వీపు వంకే చూస్తూ, పెదాలు కదిలీ కదలకుండా చెప్పింది. “నువ్వేం చేస్తావులే, నేను చెప్పిందే రాశావు. వాడు నన్ను రమ్మన్లా. నేనే అడిగా, నన్ను తీసుకుపొమ్మని. నడి ఏట్లో చెయ్యి పట్టుకుని అడిగా. వాడు వణికిపోయి, పడవ మా గట్టుకే తిప్పేశాడు. నాకు సంస్కారం లేదు, పాడూ లేదు. ఆ మాట ఇన్నేళ్ళూ నాక్కూడా నేను చెప్పుకోలా.”

నేను ఆవిడ చెయ్యి అందుకున్నాను. విడిపించుకోలేదు.

“మళ్ళీ రాస్తావుగా,” అంది. “ఈసారి నిజం రాయి. నేను పోయిందాకా ఆగమాక.”