కౌజు గూడున్న ఇప్పచెట్టు

మా ఇంట్లో అమ్మా అయ్యా మాట్లాడుకోక ఐదు నెలలైంది. మాటలు మోసే పని నాది. "బువ్వ అయిందని మీ అయ్యకు చెప్పు పుష్పా" అని అమ్మ అంటే, నాలుగడుగుల దూరంలో కూర్చున్న మనిషికి నేను మళ్లీ చెప్పాలి. ఆయనకు చెవుడేమీ లేదు. అయినా నేను చెప్పాకే "వస్తున్న అని చెప్పు" అంటాడు. అక్క నాగలత తొమ్మిదో తరగతి కాబట్టి, పుస్తకం అడ్డం పెట్టుకుని ఈ చాకిరీ తప్పించుకుంది.

దసరా నాడు అయ్య తాగొచ్చి, చుట్టాలందరి ముందూ అమ్మ మీద చెయ్యెత్తాడు. కొట్టలేదు. కానీ తప్పయిందని కూడా అనలేదు. అప్పటి నుంచీ ఇదే తంతు.

మార్చిలో అమ్మ ఇంకో మాట నాతో మోయించింది. "ఇప్పపువ్వు ఏరుడు అయిపోంగనే నేను తల్లాడ పోత, మీ మామ కాడికి. ఒక పిల్లను తీస్కపోత, ఒక పిల్లను ఇడిచిపోత. చెప్పు మీ అయ్యకు."

చెప్పాను. అయ్య "సరే అని చెప్పు" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. మేకలను పంచుకున్నట్టు పంచేసుకున్నారు. ఎవరిని తీసుకెళ్తుందో అమ్మ చెప్పలేదు, అడిగే ధైర్యం మాకూ లేదు. ఆ రోజు నుంచి నేనూ అక్కా ఒకే దుప్పట్లో పడుకోవడం మొదలుపెట్టాం.

కౌజుపిట్ట గూడు కనబడింది ఆ వారంలోనే. ఒంటిపూట బడి నుంచి చేను మీదుగా వస్తుంటే, మా ఇప్పచెట్టు దగ్గర అక్క కాళ్ల ముందు నుంచి ఏదో బుర్రున లేచింది. పొద కింద ఎండుటాకుల్లో చిన్న గుంట. అందులో మీగడ రంగు గుడ్లు ఎనిమిది.

"ముట్టకు," అంది అక్క. వెంటనే ఇద్దరికీ ఒకటే గుర్తొచ్చింది. మంట.

పినపాక వైపు మా ఊళ్లలో ఇప్పచెట్లు ఎవరివి వారివే. పువ్వు రాలడానికి ముందు చెట్టు కింది ఆకులన్నీ కాల్చేస్తారు. నల్లటి నేల మీద పువ్వు తెల్లగా కనబడుతుంది, ఏరడం తేలిక. మా చెట్టు కింద మంట పెట్టేది అయ్య. గూడుందని చెబితే గుడ్లు కూరలోకి పోతాయేమోనని మా భయం. అందుకని రెండు పొద్దులు, తెల్లవారకముందే పొరకలు తీసుకెళ్లి చెట్టు కిందంతా ఊడ్చేశాం, ఆ పొద ఒక్కటి వదిలి. మూడో రోజు అయ్య అగ్గిపెట్టెతో వచ్చి, ఊడ్చిన నేలను కాసేపు చూసి, అగ్గిపెట్టె జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

ఇక ప్రతి పొద్దూ గట్టు వెనక బోర్లా పడుకుని చూడడమే మా పని. పెట్టను అక్క చూసేది, పుంజును నేను. పెట్ట తిండికి ఎప్పుడు లేస్తుంది? వచ్చేటప్పుడు నేరుగా రాకుండా చుట్టూ తిరిగి ఎందుకు వస్తుంది? కోడికి ఇరవై ఒక్క రోజులు, మరి కౌజుకెన్ని? ఎవరికీ తెలియదు. పుంజు మాత్రం పుట్ట మీదెక్కి ఊరంతా వినబడేలా అరిచేది. పెట్ట గుడ్ల మీద నుంచి కిక్కురుమనేది కాదు.

"ఇయ్యి గూడ మాట్లాడుకుంటలేవేమో అక్కా."

"పుంజు పిలుస్తనే ఉంది గదనే. మనింట్ల అది గూడ లేదు."

అక్కడున్నంతసేపూ తల్లాడ గుర్తొచ్చేది కాదు.

పువ్వు రాలడం మొదలైంది. మొదటి రోజు గంపతో వచ్చిన అమ్మ ఊడ్చిన నేలను చూసి అలాగే నిలబడిపోయింది. నేను కడుపులో ఉన్నప్పుడు పొగకు అమ్మకు దగ్గు ఆగకపోతే, ఆ ఏడు అయ్య ఆకులు కాల్చకుండా పొరకతో ఊడ్చాడట. ఆ సంగతి అమ్మే ఎన్నోసార్లు చెప్పింది. ఆ రోజు అయ్య పళ్లెంలో ఎండుచేపల పులుసు ఇంకో గంటె ఎక్కువ పడింది.

"అయ్యనే ఊడ్చిండు అనుకుంటాంది," అన్నాను అక్క చెవిలో.

"అనుకోని. చెప్పకు," అంది అక్క. నాకూ చెప్పాలనిపించలేదు. ఆ అబద్ధం నిలబడితే అమ్మ ఆగిపోతుందేమోనని ఆశ.

నాలుగో రోజు నలుగురమూ ఏరుతున్నాం. అమ్మ వంగిన నడుం ఎత్తకుండానే, "ఎందుకు ఊడ్చినవ్?" అంది.

నన్నే అనుకున్నాను. కాదు, అయ్యను అడిగింది. ఐదు నెలల తర్వాత, మధ్యలో నేను లేకుండా అడిగింది. నీ దగ్గు గుర్తొచ్చి ఊడ్చిన అంటే చాలు. అనమని అయ్య ముఖంలోకి చూశాను.

"నేను ఊడ్వలే," అన్నాడు అయ్య. "పిల్లలు ఊడ్చిన్రు. ఆ పొద కింద కౌజు పొదుగుతాంది."

అమ్మ ముఖం వాడిపోయింది. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అయ్య ఆగలేదు.

"పది రోజుల సంది చూస్తన్న. ఇద్దరు ఒక్కకాడనే పండుకోని చూస్తరు. ఒకతి పెట్టను చూస్తది, ఒకతి పుంజును చూస్తది. సరే అనుడు నాదే తప్పు. పంచొద్దు వాళ్లను. పోతె ఇద్దర్నీ తీస్కపో."

చెప్పి, మళ్లీ వంగి పువ్వు ఏరుకోసాగాడు.

అక్కనూ నన్నూ విడదీయకూడదనే కదా ఇన్నాళ్లూ నేను కోరుకున్నది. దొరికింది. కానీ ఆ వంగిన వీపును చూస్తుంటే ఏడుపు ఆగలేదు.

"మేమిద్దరం పోతే అయ్యకాడ ఎవలుంటరమ్మా?" అన్నాను.

అమ్మ గంప కింద పెట్టి, ఆ నేల మీదే కూర్చుంది. "ఇటొచ్చి కూసో," అని అయ్యనే పిలిచింది, నాతో చెప్పించకుండా.